శిక్షణకు పిలుపు, ఇటాలియన్‌లో

ప్రశ్న: నేను జీడిమెట్లలోని ఒక మందుల కర్మాగారంలో శిక్షణ విభాగం చూస్తున్నాను. మాత్రలు ప్యాక్ చేసే మా యంత్రాలు ఇటలీలోని బొలోన్యా నుంచి వచ్చాయి. ఆ సంస్థ ఇంజినీరు ఒకరిని మే నెలలో మా దగ్గర జరిగే రెండు రోజుల శిక్షణకు ఆహ్వానించాలి. ఉత్తరం ఇంగ్లీషులోనే వెళ్తుంది గానీ, మొదటి రెండు మూడు వాక్యాలు ఆయన భాషలో ఉంటే బాగుంటుందనిపించింది. అనువాదం చేసే యాప్ ‘తీ ఇన్వీతో అల్లల్లెనమెంతో’ అని ఇచ్చింది. పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పంపకండి. వ్యాకరణపరంగా ఆ వాక్యంలో దోషం లేదు గానీ, చదివినవారికి మాత్రం ‘నిన్ను కసరత్తుకు పిలుస్తున్నాను’ అన్నట్టుంటుంది. అల్లెనమెంతో అంటే ప్రధానంగా ఫుట్‌బాల్ జట్టు మైదానంలో చేసే సాధన వంటిది. ఉద్యోగానికి సంబంధించిన శిక్షణను ‘ఫోర్మత్సియోనె’ అంటారు. శిక్షణ తరగతులు ‘కోర్సో ది ఫోర్మత్సియోనె’. మన ఉపాధ్యాయులకు పెట్టే పునశ్చరణ తరగతుల వంటివైతే ‘కోర్సో ది అజ్జొర్నమెంతో’ అనాలి. ఈ మాటలో రోజు అనే అర్థమున్న ‘జోర్నో’ దాగి ఉంది. తెలిసినదాన్ని ఈ నాటికి తీసుకురావడమన్నమాట.

అంతకంటే పెద్ద చిక్కు ‘తీ’తో వచ్చింది. అది ‘నిన్ను’. పరిచయం లేని ఇంజినీరుకు రాసేటప్పుడు ‘లా’ వాడాలి. దాని మూలరూపమైన ‘లేయి’కి అసలు అర్థం ‘ఆమె’ అయినా, మర్యాద కోసం మగవారికీ అదే వాడి, క్రియను ప్రథమ పురుషలో ఉంచుతారు. ఎదుట కూర్చున్న పెద్దమనిషినే ‘అయ్యగారు ఏమంటారు?’ అని అడిగే అలవాటున్న మనకు ఇది వింతగా తోచదు. కనుక మీ వాక్యం ఇలా ఉండాలి: ‘లా ఇన్వితియామో ఆ పర్తెచిపారె అల్ కోర్సో ది ఫోర్మత్సియోనె’, అంటే మా శిక్షణ తరగతులలో పాల్గొనవలసిందిగా మిమ్మల్ని ఆహ్వానిస్తున్నాము. ఇంకాస్త ఆదరంగా కావాలంటే మొదట ‘సియామో లియేతి ది ఇన్వితార్లా’, ఆహ్వానించడానికి సంతోషిస్తున్నాము, అని మొదలుపెట్టండి.

సంబోధన విషయంలో ఇటలీవారు చదువుకు విలువిస్తారు. ఇంజినీరును ‘జెంతీలె ఇంజెఞ్ఞేరె’ అనీ, వెంట ఇంటిపేరు రాస్తే చివరి అచ్చు తీసేసి ‘ఇంజెఞ్ఞేర్’ అనీ రాయాలి. మన వర్ణమాలలో ఊరికే కూర్చుని ఉండే ‘ఞ’కు ఇన్నాళ్లకు పని దొరికింది! డిగ్రీ ఉన్న ఏ మహిళనైనా ‘దొత్తొరెస్సా’ అనవచ్చు. ఆమె వైద్యురాలే కానక్కరలేదు.

జవాబు కోరే వాక్యం: ‘లా ప్రెగియామో ది కొన్ఫెర్మారె లా సూవా పర్తెచిపత్సియోనె ఎంత్రో ఇల్ దియేచి మాజ్జో’. మే 10వ తేదీలోగా మీ రాకను ధ్రువీకరించండి అని దీని భావం. ‘ఎంత్రో’లో సాధారణంగా ఆ తేదీ కూడా కలుస్తుంది. ముగింపుకు ‘కొర్దియాలి సలూతి’ చాలు.

ఫోన్‌లో చదవవలసి వస్తే ఇంగ్లీషు అలవాటు కొద్దీ ‘ట, డ’ పలకకండి, ఆ భాషలో ఉన్నవి మన ‘త, ద’లే. ద్విత్వాలను కూడా తేల్చకూడదు: ‘సెత్తె’ అంటే ఏడు, ‘సేతె’ అంటే దాహం.

రెండు మూడు ఉత్తరాలు నడిచాక ఆయనే ‘దియామొచి దెల్ తూ’ అనవచ్చు. ఇక ‘నువ్వు’ అనుకుందాం అని దాని అర్థం. ఆ మాట ఆయన నోటినుంచి రానివ్వండి. అప్పుడు యాప్ ఇచ్చిన ‘తీ ఇన్వీతో’ నిక్షేపంగా వాడవచ్చు. అల్లెనమెంతో మాత్రం అప్పుడూ కుదరదు.