థార్‌కి నాలుగు టైర్లు మారుస్తున్నా, స్టెప్నీని ఏం చెయ్యాలి?

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. రాజోలు పక్క ఊరు, 2021 మహీంద్రా థార్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజను లాగుడు అందే బండి), 18 ఇంచుల రింగులు. కంపెనీ టైర్లు గుండు అయిపోవచ్చాయి, ఏటీ టైర్లు, అంటే మట్టి దారికీ తారు రోడ్డుకీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేయిద్దామనుకుంటున్నారు. షాపాయనేమో "నాలుగు చాలండి, స్టెప్నీ కొత్తదే కదా, దాన్ని ఎప్పుడూ దింపనే లేదు" అన్నాడు. ఐదోది కొనాలా, కొంటే పాతదాన్ని ఏం చేసుకోవాలి అని కదా మీ అనుమానం.

నా మటుకు ఐదు కొనమనే చెబుతానండి. మాది మొగల్తూరు పక్క, రొయ్యల చెరువుల పని మీద గట్ల వెంట తిరిగే బండి. టైర్లు కూడా మీ సైజే, 255/65 ఆర్18. షాపాయన తప్పుడు మాట చెప్పాడని కాదు. టౌన్లో తిరిగే కారుకైతే ఆయన లెక్క సరిపోతుంది. మన వాడకం వేరు, అందులోనూ ఫోర్ బై ఫోర్ సంగతి పూర్తిగా వేరు.

ముందు ఆ "కొత్తది" అనే మాట తేల్చుకుందాం. బటన్ల (నేలని పట్టే రబ్బరు గడ్డల) మధ్య రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడకపోతే ఎవరికైనా కొత్తదనే అనిపిస్తుంది. పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి, వాటిని చూడండి. 1021 అని ఉంటే 2021లో పదో వారం, అంటే మార్చి నెలలో తయారైనట్టు. చాలా టైర్లకి ఆ అంకెలు ఒక పక్కే ఉంటాయి. ఆ పక్క తలుపు వైపు పడితే టైరు దింపితే తప్ప కనపడవు. రోడ్డు మీద తిరక్కపోయినా రబ్బరుకి వయసు ఆగదు. ఐదేళ్లు దాటిన టైరుని ఏటా చూపించుకోమని, పదేళ్లు దాటితే బటన్ ఎంత ఉన్నా తీసెయ్యమని పెద్ద టైర్ కంపెనీలే చెబుతాయి. పైగా థార్ స్టెప్నీ వెనక తలుపు మీద ఎండకీ వానకీ పడి ఉంటుంది. కవర్ లేకపోతే మరీ కష్టం. బొటనవేలితో పక్కగోడని గట్టిగా నొక్కి, అక్షరాల చుట్టూ పరీక్షగా చూడండి. ఎండగట్టిన చెరువు అడుగులా సన్నటి నెర్రెలు కనిపిస్తే దాన్ని నమ్ముకోవద్దు. అలాంటివేమీ కనపడనంత మాత్రాన టైరు బాగున్నట్టు కాదు, తేదీ కూడా చూసుకోవాలి.

దింపి చూడమనడానికి ఇంకో కారణం ఉప్పుగాలి. పోయినేడు మా బండి స్టెప్నీ దింపబోతే నట్టు కదలనే లేదు. పంక్చర్ షాపు కుర్రాడు డీజిల్ చుక్కలు పోసి, వెళ్లి టీ తాగొచ్చి, పానాకి ఇనప పైపు తొడిగి, దాని మీద కాలేసి ఒళ్లంతా బరువు పెట్టి తొక్కితే టక్కుమని వదిలింది. దారాల్లోంచి ఎర్రటి పొడి రాలింది. పగటిపూట, షాపు దగ్గర, నీడలో కాబట్టి సరిపోయింది. అదే చీకట్లో గట్టు మీద ఒక్కళ్లమే ఉంటే ఏం చేస్తాం? స్కార్పియోలాగా స్టెప్నీ కింద వేలాడే బండ్లకి ఇది ఇంకా పెద్ద తలనొప్పి. చెరువు నీళ్లూ బురదా చిమ్మి చిమ్మి, టైరుని దింపే గొలుసే పట్టేస్తుంది.

ఇక అసలు సంగతి, టైరు చుట్టుకొలత. 255/65 ఆర్18 వ్యాసం లెక్క కడితే సుమారు 789 మిల్లీమీటర్లు. కొత్త ఏటీ టైరుకి బటన్ లోతు పది మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అది అరిగి మూడుకి వస్తే వ్యాసంలో 14 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అప్పుడు ఒక కిలోమీటరు నడిచేసరికి కొత్త టైరు కంటే అరిగిన టైరు ఏడు చుట్లు ఎక్కువ తిరగాలి. మామూలు కారుకి ఇది పెద్ద విషయం కాదు. థార్‌లో ఫోర్ హెచ్ (నాలుగు చక్రాలూ లాగే గేరు) వేస్తే మాత్రం ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరిగేలా బిగుసుకుంటాయి, మధ్యలో తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు. బురదలో చక్రం జారి ఆ తేడా దానంతటదే పోతుంది. గట్టి తారు రోడ్డు మీద జారే వీలు లేదు, ఆ బిగువంతా గేర్ల మీదా షాఫ్టుల మీదా పడుతుంది. ఆ బండ్లని పొడి రోడ్డు మీద ఫోర్ హెచ్‌లో నడపొద్దనేది ఇందుకే. సైజు తేడా ఉన్న టైరు ఒకటి తోడైతే తిన్నగా పోతున్నా అదే బిగువు.

మీ స్టెప్నీ ఎప్పుడూ దిగలేదు కాబట్టి దాని బటన్ నిండుగా ఉంటుంది. కొత్త ఏటీలు అదే సైజులో వేస్తే మొదట్లో తేడా తక్కువే, షాపాయన మాట అక్కడిదాకా నిజం. అవి నేల మీద అరుగుతూ పోతాయి, ఇది తలుపు మీద అలాగే ఉంటుంది. ఏడాది, రెండేళ్లు గడిచేసరికి పై లెక్క మీ బండికి వచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే దాన్ని దింపాల్సిన అవసరం పడుతుంది. ఇక 265/65 లాంటి పెద్ద సైజుకి వెళ్తే వ్యాసం 13 మిల్లీమీటర్లు పెరుగుతుంది, పాత స్టెప్నీ మొదటి రోజు నుంచే పొట్టిదవుతుంది. పెద్ద సైజు జోలికి వెళ్లొద్దనే నేనంటాను. కంపెనీ ఇచ్చిన సైజు కాకపోతే రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టే వీలుంది, తలుపు కీళ్ల మీద బరువూ పెరుగుతుంది.

"స్టెప్నీ ఎంతసేపండీ, పంక్చర్ షాపు దాకేగా" అంటారు చాలామంది. మన దగ్గర అది అన్నిసార్లూ నిజం కాదు. చెరువు గట్ల మీద మేకులకంటే ఆల్చిప్పలు, సర్కారు తుమ్మ ముళ్లు, కంచె తీగ ముక్కలే ఎక్కువ. అవి బటన్‌లో గుచ్చుకుంటే పంక్చర్ వేసేస్తారు. పక్కగోడ చీల్చితే వేసేదేం లేదు, టైరు మార్చాల్సిందే. 18 ఇంచుల ఏటీ టైరు, అదీ మీ కంపెనీ, మీ మోడలు నరసాపురంలోనో రాజోల్లోనో ర్యాకులో పెట్టుకుని ఎవరూ కూర్చోరు. భీమవరం నుంచో రాజమండ్రి నుంచో తెప్పిస్తామంటారు. అది వచ్చేదాకా మీరు స్టెప్నీ మీదే తిరుగుతారు. చించినాడ వంతెన దాటి 216 హైవే మీద స్పీడుగా పోతారు, మళ్లీ వానలో గట్టు ఎక్కుతారు. మూడు కొత్త ఏటీలు, పట్టు తక్కువున్న వేరే టైరు ఒకటి వేసుకుని బంకమట్టిలో దిగితే ఆ ఒక్క చక్రం ముందుగా తిరిగిపోతుంది, బండి పక్కకి జారొచ్చు. గట్టుకి రెండు పక్కలా నీళ్లే కదా!

ఐదోదానికి పెట్టే డబ్బు వృథా కాదు, ఒక షరతు మీద. దాన్ని తలుపు మీద అలంకారంగా ఉంచకుండా వంతులో తిప్పాలి. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి స్టెప్నీ కుడి వెనక్కి రావాలి, కుడి వెనకది కుడి ముందుకి, కుడి ముందుది ఎడమ వెనక్కి, ఎడమ వెనకది ఎడమ ముందుకి, ఎడమ ముందుది తలుపు మీదకి. ఇలా చేస్తే ఐదూ ఒకేలా అరుగుతాయి. నాలుగు టైర్లు యాభై వేలు నడిచేవైతే ఐదింటితో అదే అరుగుదలకి అరవై రెండు వేల చిల్లర నడుస్తాయి. ఐదో టైరు డబ్బు అక్కడే వెనక్కి వచ్చేసినట్టు. పక్కగోడ మీద తిరిగే దిక్కు చూపే బాణం గుర్తున్న టైర్లయితే ఈ వంతు కుదరదు. స్టెప్నీ ఒక పక్కకే సరిపోతుంది. కొనేటప్పుడే ఆ బాణం లేనివి అడగండి. టైరు గాలి చూపించే సెన్సర్ ఐదో రింగులో ఉందో లేదో కూడా ముందే కనుక్కోండి. లేకపోతే తిప్పినప్పుడల్లా డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతూ టెన్షన్ పెడుతుంది.

డబ్బు సర్దుబాటు కాకపోతే రెండు దారులున్నాయి. కంపెనీ వేసిచ్చిన మోడలు టైర్లే మళ్లీ వేయిస్తున్నారనుకోండి. స్టెప్నీ తేదీ మరీ పాతది కాకుండా, నెర్రెలు లేకుండా ఉంటే, మూడు కొని దాన్ని నాలుగోదిగా నేల మీదకి దింపండి. పాత నాలుగింటిలో మంచిదాన్ని తలుపెక్కించండి. మీరు ఏటీలంటున్నారు కాబట్టి ఇది మీకు పనికిరాదు. మీ దారి రెండోది. నాలుగు ఏటీలు, పాత స్టెప్నీ అలాగే. అప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ వేరే టైరు వెనక చక్రానికి వెయ్యొద్దు. టూ హెచ్‌లో ఇంజను లాగేది వెనక ఇరుసుని కదా, అక్కడ రెండు సైజులుంటే డిఫరెన్షియల్ ఊపిరి తీసుకోకుండా పనిచేస్తూనే ఉండాలి. వెనకది పంక్చర్ అయినా సరే, ముందు చక్రం ఒకటి వెనక్కి మార్చి, స్టెప్నీని ముందుకి వెయ్యండి. పని రెట్టింపే, జాకీ రెండుసార్లు ఎత్తాలి. తారు రోడ్డెక్కగానే టూ హెచ్‌కి వచ్చెయ్యండి. జాకీ అంటే గుర్తొచ్చింది, బండిలో ఒక మందపాటి చెక్కముక్క పడేసుకోండి. తడి గట్టు మీద చెక్క లేకుండా జాకీ పెడితే బండి లేవదు, జాకీయే దిగిపోతుంది.

వేయించేటప్పుడు ఐదింటి తేదీలూ దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో మీరే చదవండి. ఐదోదానికి కూడా బ్యాలెన్సింగ్ చేయించండి, చాలామంది నాలుగింటికి చేసి వదిలేస్తారు. వాల్వులు కొత్తవి వేయించి సబ్బునీళ్లు పోసి చూడమనండి. స్టెప్నీలో గాలి డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసిన దానికంటే నాలుగైదు పౌండ్లు ఎక్కువ కొట్టించండి. నెలకి ఒకటీ అరా దానంతటదే తగ్గుతుంది, అదీకాక స్టెప్నీకి గాలి చూసుకునేవాళ్లు ఎవరండీ! తలుపు మీది నట్లకి కాస్త గ్రీజు రాయించండి. చక్రాల నట్లకి మాత్రం వద్దు.

పాత టైర్ల సంగతి. గుండు అయిన నాలుగింటికీ ఎక్స్చేంజిలో పెద్దగా ఏమీ రాదు, షాపుకే వదిలెయ్యండి. దిగని స్టెప్నీకి మాత్రం ధర ఉంది. అదే సైజు థార్ ఉండి, ఒక్క టైరు కోసుకుపోయి వెతుక్కునేవాళ్లు ఉంటారు, తేదీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే పోతుంది. ఎప్పటికైనా ఏదో ఒక బండికి పనికొస్తుందని చెరువు దగ్గర షెడ్డులో పడెయ్యకండి. 18 ఇంచుల టైరు బొలెరో 15 ఇంచుల రింగుకి ఎక్కదు, వయసు మాత్రం మీదపడుతుంది. అరిగినవి ఇంటికి తెచ్చుకుంటే పిల్లలకి కొబ్బరిచెట్టుకి ఉయ్యాల కట్టొచ్చు, రేవులో పడవ పక్కన కట్టుకునేవాళ్లు అడిగితే ఇవ్వొచ్చు. భోగి మంటలో మాత్రం వెయ్యకండి, ఆ నల్లటి పొగ ఊరంతా పీల్చాలి. పెరట్లో పడుకోబెట్టి ఉంచినా తంటానే. వానకి లోపల నీళ్లు నిలిచి డెంగీ దోమలు గుడ్లు పెడతాయి. అమ్ముడయ్యేదాకా ఆ స్టెప్నీని నీడలో, ఎత్తు మీద నిలబెట్టి, పైన పట్టా కప్పి ఉంచండి.