పెట్టె కదిలితే గీత ఎందుకు కదులుతుంది? – యువ రచయితకు లేఖ

ప్రియమైన మిత్రమా,

డయాగ్రామ్‌లు గీసే సాఫ్ట్‌వేర్ ‘డయా’ ఉంది కదా, దాని సోర్స్ కోడ్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. బాగా శ్రమ పడ్డావని తెలుస్తూనే ఉంది. అయితే సగం వ్యాసం ఫోల్డర్ల పరిచయానికే సరిపోయింది. యాప్‌లో ఇది ఉంటుంది, లిబ్‌లో అది ఉంటుంది, ప్లగిన్స్‌లో ఇంకోటి ఉంటుంది అని వరసగా చెప్పుకుంటూ పోయావు. చదివేవాళ్లకి అప్పటికి ఆ పేర్లతో పనేమీ పడలేదు కదా. ముందు వాళ్ల చేతిలో ఒక ప్రశ్న పెట్టు. జవాబు వెతుకుతూ వెళ్లే దారిలో ఏ ఫోల్డర్ తగిలితే దాని గురించి అక్కడ చెప్పు, చాలు.

ప్రశ్న కోసం ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. డయాలో ఒక పెట్టె గీసి, దానికి ఒక గీత తగిలించి, పెట్టెను పక్కకి లాగు. గీత కొస కూడా వెంటే వస్తుంది. ఎందుకొస్తుంది? ఉత్త బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌కీ డయాగ్రామ్ సాఫ్ట్‌వేర్‌కీ ఉన్న అసలు తేడా ఇదే అంటాను నేను. ఈ ఒక్కటి సరిగ్గా చెప్పగలిగితే నీ వ్యాసం నిలబడుతుంది.

కోడ్ తెరవకముందే సగం జవాబు దొరుకుతుంది. డయా సేవ్ చేసే ఫైల్ మామూలుగా జిజిప్ అనే పద్ధతిలో కుదించిన ఎక్స్‌ఎంఎల్, అంటే ట్యాగులతో రాసిన టెక్స్ట్. దాన్ని విప్పి టెక్స్ట్ ఎడిటర్‌లో చూడు. పెట్టెకి ‘ఓ0’ లాంటి ఐడీ ఒకటి ఉంటుంది. గీతకి సంబంధించిన భాగంలో దాని కొసలు ఎక్కడున్నాయో సెంటీమీటర్లలో రాసి ఉంటుంది. ఆ కిందే కనెక్షన్స్ అని విడిగా ఇంకో ముక్క ఉంటుంది: ఈ గీత 0వ హ్యాండిల్ (మౌస్‌తో పట్టి లాగే కొస), ‘ఓ0’ అనే వస్తువుకి, దాని 4వ కనెక్షన్ పాయింట్ (గీతలు తగిలించే చోటు) దగ్గర తగులుకుని ఉంది అని. కొస ఎక్కడుందన్నది ఒక సంగతి, దేనికి తగులుకుందన్నది మరో సంగతి. ఫైల్‌లో రెండూ వేర్వేరుగా ఉన్నాయి. ఇది పాఠకులు తమ కళ్లతో తామే చూసుకోగల విషయం. అందుకే కోడ్ కన్నా ముందు దీన్ని చూపించమంటున్నాను.

ఇప్పుడు ఆ 4 పట్టుకుని కోడ్‌లోకి వెళ్లు. ఆబ్జెక్ట్స్ ఫోల్డర్‌లో స్టాండర్డ్ అనే దాంట్లో పెట్టె కోడ్ ఉంటుంది, అదంతా సి భాషే. పెట్టెకి 9 కనెక్షన్ పాయింట్లు: నాలుగు మూలలు, నాలుగు అంచుల మధ్యలు, నడిమధ్య ఒకటి. లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి 4 అంటే కుడి అంచు మధ్య ఉన్నది. పెట్టె జరిగినా, పెద్దదైనా, ఆ తొమ్మిదీ ఎక్కడుండాలో మళ్లీ లెక్కగట్టే ఫంక్షన్ ఒకటి అక్కడ ఉంది. కానీ గీతను కదిపే పని పెట్టెది కాదు. ప్రతి కనెక్షన్ పాయింట్ దగ్గరా తనకి తగులుకున్న వస్తువుల జాబితా ఉంటుంది. యాప్ ఫోల్డర్‌లోని కోడ్ ఆ జాబితా చూసి, ఆయా హ్యాండిళ్లను కొత్త చోటికి జరుపుతుంది.

దీన్ని మాటల్లో చెప్పి వదిలేయకు. ఆ ఫంక్షన్‌లో 4వ పాయింట్ ఎక్స్ విలువకి, అంటే అడ్డం కొలతకి, 1 కలిపి మళ్లీ బిల్డ్ చేయమను (కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ని తయారు చేయడమే బిల్డ్). గీత కొస పెట్టెని తాకకుండా సెంటీమీటర్ దూరంలో గాల్లో ఆగుతుంది, అయినా పెట్టెను లాగితే వెంటే వస్తుంది. గీత పట్టుకున్నది పెట్టెను కాదు, ఆ పాయింట్‌ని. ఎన్ని పేరాలు రాసినా ఇంత బాగా అర్థమవదు.

బిల్డ్ గురించి నువ్వు రాసిన భాగం నాకు టెన్షన్ పెట్టింది. డయా 0.97 విడుదలలు కాన్ఫిగర్, మేక్ అనే పాత బిల్డ్ పద్ధతిలో తయారవుతాయి. తర్వాత గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే వ్యవస్థలో) ఉన్న కోడ్ మెసన్, నింజా అనే బిల్డ్ పనిముట్లకి మారింది. నువ్వు రెండింటి కమాండ్లూ కలిపేశావు. ఏ కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) మీద చేశావో దాని ఐడీ వ్యాసంలో మొదటే రాయి. లైబ్రరీ ఉన్నా కూడా దొరకలేదని ఎర్రర్ వస్తే చాలాసార్లు హెడర్ ఫైళ్లు (లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నాయో కంపైలర్‌కి చెప్పేవి) లేవని అర్థం. అవి విడి ప్యాకేజీలో వస్తాయి, లినక్స్ రకాల్లో డెబియన్‌లో అయితే పేరు చివర ‘డెవ్’, ఫెడోరాలో ‘డెవెల్’ అని ఉంటుంది. ఎర్రర్లు వరస కడితే చివరిది కాదు, మొదటిది చదవమని చెప్పు. మిగతావి చాలావరకు దాని వెనక వచ్చినవే అయ్యుంటాయి. ఒక్క ఫైల్ మారిస్తే నింజా దాన్నీ, దాని మీద ఆధారపడ్డవాటినీ మాత్రమే మళ్లీ కంపైల్ చేస్తుందని కూడా చెప్పు. ప్రయోగం చేయడానికి భయం పోతుంది. అలాగే, అంతకుముందే ఇన్‌స్టాల్ అయి ఉన్న డయా తెరుచుకుంటే మార్పు కనిపించదు. బిల్డ్ ఫోల్డర్‌లో తయారైనదాన్నే నడపాలని గట్టిగా రాయి.

ఇక రాత సంగతి. నలభై లైన్ల కోడ్ ఒకేచోట అతికించావు, అది ఎవరూ చదవరు. ఐదారు లైన్లు పెట్టి వాటిని పూర్తిగా విడమరిచి చెప్పు. ‘ఇది చాలా సులభం’ అని నాలుగు చోట్ల రాశావు, అన్నీ కొట్టేయి. అర్థం కాక తల పట్టుకున్నవాళ్లకి ఆ మాట గుచ్చుకుంటుంది. రచయితలు ఇలా ఎందుకు రాశారో అని ఊహించి చెప్పావు ఒకచోట. గిట్ బ్లేమ్ అనే కమాండ్‌తో ఆ లైన్ ఏ మార్పులో వచ్చిందో చూసి, కమిట్ సందేశం చదివి రాయి. అక్కడ ఏమీ లేకపోతే ఆ పేరా తీసెయ్యి.

రెండర్ చేసే, అంటే బొమ్మను గీసి చూపించే భాగాన్ని ఈ వ్యాసంలోకి లాగొద్దు. ఒకే డ్రా ఫంక్షన్ తెరమీదకీ, ఎస్‌వీజీ అనే బొమ్మ ఫైల్‌లోకీ ఎలా గీస్తుందన్నది ఇంకో మంచి ప్రశ్న, దానికి వేరే వ్యాసమే కావాలి. ముందు ఇది తిరగరాసి, కొత్త మెషీన్ మీద నువ్వు రాసిన కమాండ్లనే ఒక్కొక్కటిగా కొట్టి చూసి, అప్పుడు పంపు.

ఆశీస్సులతో.