పెళ్లి పూలు పెరట్లోనే పెంచాలంటే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి

నాలుగు నెలల్లో ఇంట్లో పెళ్లి ఉందనీ, అలంకరణకు కావలసిన పూలన్నీ పెరట్లోనే పూయించుకోవడం సాధ్యమేనా అనీ అడిగారు. మా చెల్లెలి పెళ్లికి నేను ఆ పని చేశాను కనుక సాధ్యమేనని చెప్పగలను. ‘అన్నీ’ అన్న మాటను మాత్రం వదులుకోమంటాను.

ముందు పూలను ఎంచుకుని, తరువాత తేదీ చూసుకోవడం నేను చేసిన పొరపాటు. చామంతి మీద మక్కువతో ఒక సాలు నిండా నాటాను. ఆ మొక్క రాత్రులు పొడవుగా, చీకటిగా ఉంటేనే మొగ్గ తొడుగుతుంది. మా వరండా దీపం తెల్లవార్లూ వెలుగుతూ ఉండేది. చివరికి దీపానికి దూరంగా ఉన్న మొక్కలు విరగబూయగా, దాని వెలుతురు పడిన నాలుగైదు మొక్కలు పెళ్లినాటికి ఒక్క మొగ్గైనా లేకుండా పచ్చగా నిలబడి ఉన్నాయి. కాబట్టి ఆ తేదీకి మీ దగ్గర సహజంగా పూసేవేవో చూసుకుని, వాటినే నమ్ముకోండి.

పొట్టి రకం బంతి విత్తిన 50 రోజులకు అటూ ఇటూగా పూతకు వస్తుంది, పొడుగు రకాలకు ఇంకా ఎక్కువ సమయం కావాలి. జీనియాకు దాదాపు 60 నుంచి 70 రోజులు పడుతుంది. కొమ్మలు బాగా రావాలని మొక్క తల తుంచితే పూత మరికొంత వెనకబడుతుంది కనుక ఆ రోజులనూ లెక్కలో కలుపుకోవాలి. ఒంటికాడ పొద్దుతిరుగుడు రకాల తల మాత్రం తుంచకూడదు, ఎందుకంటే వాటికి ఉండేదే ఒక్క పువ్వు. ఏ రకమైనా పది పన్నెండు రోజుల తేడాతో మూడు విడతలుగా విత్తండి. మా మొదటి విడత వారం ముందే విచ్చుకుంది, రెండోది సరిగ్గా అందింది, మూడోది అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. ఒకే విడతను నమ్ముకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. బంతి, జీనియాలలో ముందే పూసినవాటిని కోస్తూ ఉంటే మొక్క మళ్లీ మొగ్గ వేస్తుంది. బలం కోసమని నత్రజని అతిగా వేస్తే ఆకు దట్టంగా వచ్చి పూలు తగ్గుతాయి.

ఎన్ని పూకాడలు కావాలన్నది ఊహకు వదిలేయకండి. ఒక కూజా అలంకరించి చూసి, అందులో ఎన్ని కాడలు పట్టాయో లెక్కపెట్టి, దానిని కూజాల సంఖ్యతో హెచ్చించి, పైన మూడో వంతు కలుపుకోండి.

కోత విషయంలో తొందర పనికిరాదు. జీనియాను పువ్వుకు జానెడు కింద పట్టుకుని మెల్లగా ఊపినప్పుడు కాడ బిగువుగా నిలిస్తే కోయవచ్చు, తల వేలాడితే మరో రెండు రోజులు ఆగాలి. తొందరపడి కోసిన పువ్వు నీళ్లలో పెట్టినా మెడ వాల్చేస్తుంది. పెళ్లికి ముందురోజు, ఎండ ఎక్కకముందే, శుభ్రమైన నీళ్ల బకెట్‌ను పక్కనే పెట్టుకుని కోసి, నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేసి, చల్లని నీడలో కొన్ని గంటలు ఉంచండి. జీనియాను ఫ్రిజ్‌లో పెట్టవద్దు, ఆ చలికి రేకులు పాడవుతాయి. ఈ కోతకు మాకు ఇద్దరు మనుషులు, నాలుగు గంటల సమయం పట్టాయి. ఆ ఉదయం పెళ్లివారికి తీరిక దొరకదు కనుక, ఆ ఇద్దరు ఎవరన్నది విత్తనాలు వేసేరోజే మాట్లాడుకోండి.