గుర్రాల లెక్క, కోటల కాపలా: విజయనగర రాయలు నాయకులను అదుపులో పెట్టిన తీరు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అమరనాయకుడంటే జమీందారు లాంటివాడేనా? రాయలు అతనికి ఏమిచ్చేవాడు, బదులుగా ఏం తీసుకునేవాడు?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: ఇద్దరికీ చాలా తేడా ఉంది. జమీందారు పని ముఖ్యంగా శిస్తు వసూలు. అమరనాయకుడు ముందు సైన్యాధికారి, ఆ తర్వాతే మిగతావన్నీ. రాయలు, అంటే విజయనగర రాజు, ఒక సీమ మీద వచ్చే రాబడిని అతని పేర రాసిచ్చేవాడు. నేల మాత్రం రాయలదే. ఆ రాబడితో నాయకుడు ఇంత కాల్బలం, ఇన్ని గుర్రాలు, ఇన్ని ఏనుగులు అని లెక్క ప్రకారం సైన్యాన్ని పోషించాలి. పైగా ఏటా ఖజానాకు కప్పం కట్టాలి.

అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసువాడు నూనిజ్ ఈ లెక్కలు రాసిపెట్టాడు. అతని ప్రకారం రాజ్యం 200 మందికి పైగా నాయకుల చేతుల్లో ఉండేది. వాళ్ల మొత్తం రాబడి 120 లక్షల వరహాలు (బంగారు నాణేలు). అందులో 60 లక్షలు రాయలకు కట్టేవారు. పెద్ద నాయకుల్లో ఒకడైన సాళువ నాయకుడికి 11 లక్షల రాబడి. మూడో వంతు రాయలకు కట్టి, మిగిలినదాంతో 30,000 కాల్బలాన్ని, 3,000 గుర్రాలను, 30 ఏనుగులను అతను నిలపాలి. ఇలాంటి అంకెలను కొంచెం తగ్గించి చదువుకోవడం మంచిది గానీ, ఏర్పాటు ఎలా నడిచేదో వీటివల్ల బాగా తెలుస్తుంది.

దీనిలోని లొసుగును కూడా నూనిజే బయటపెట్టాడు. సాళువ నాయకుడు చెప్పినంత సైన్యాన్ని ఎప్పుడూ పూర్తిగా పోషించేవాడు కాడు. మిగిలింది అతని సొంత ఖజానాకు చేరేది. మిగతా నాయకులకూ ఆ ఆశ ఉండనే ఉంటుంది. అందుకే మహానవమి అంత ముఖ్యమైంది. ఆ తొమ్మిది రోజులకు నాయకులంతా బలగాలతో రాజధానికి రావాలి, కప్పం అప్పుడే చెల్లించాలి. పండుగ ముగిశాక రాయలు సైన్యాలను స్వయంగా పరిశీలించేవాడు. కృష్ణదేవరాయల కాలంలో పాయెజ్ అనే మరో పోర్చుగీసువాడు దాన్ని కళ్లారా చూసి వర్ణించాడు. మనం ఉత్సవంగా చెప్పుకునేది నాయకులకు మాత్రం ఏడాది లెక్క చూపించుకునే గడువు. ఈ భారమంతా చివరికి రైతు నెత్తినే పడేది. సీమలు చేతిలో ఉన్నవాళ్లు ప్రజలను పీడించేవారని నూనిజ్ స్పష్టంగానే రాశాడు.

ప్రశ్న: గుర్రాల వ్యాపారం మీద రాయలకు అంత పట్టుదల ఎందుకు?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: దక్కనులో మేలుజాతి గుర్రాలు పుట్టవు. అవి పర్షియా సింధుశాఖలోని హోర్ముజ్ నుంచి, అరేబియా రేవు ఏడెన్ నుంచి ఓడల్లో రావాలి. సముద్రం మీద చచ్చిపోయేవి చాలా ఉండేవి. ఆ నష్టానికి వర్తకులు వెనకాడకుండా, కృష్ణదేవరాయలకు ముందు ఏలిన సాళువ నరసింహుడు (పైన చెప్పిన సాళువ నాయకుడు వేరు) ఒక మాట ఇచ్చాడు: బతికినా చచ్చినా మూడు గుర్రాలకు వెయ్యి వరహాలు. దారిలో చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపిస్తే చాలు, డబ్బు చేతికొచ్చేది. ఖర్చు ఎక్కువే, కానీ ఆ గుర్రాలు శత్రువులైన బహమనీ సుల్తానుల వైపు పోకుండా ఆగాయి. కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెబుతూ ఇదే మాట అన్నాడు. ఏనుగులు, గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించి, మంచి ధర ఇచ్చి, శత్రువు దగ్గరికి వెళ్లకుండా చూసుకోవాలన్నాడు.

తర్వాత ఆ ఖర్చును నాయకుల మీదికి మళ్లించిన తీరు ఇంకా గట్టిది. నూనిజ్ లెక్కలో రాయలు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలను, వాటితోపాటు నాటు గుర్రాలను కొనేవాడు. మేలైనవి తన లాయానికి పోయేవి. నాటువి అతనికి వెయ్యి వరహాలకు 12 నుంచి 15 దాకా వచ్చేవి. వాటినే నాయకులకు వెయ్యికి అయిదు చొప్పున కట్టబెట్టేవాడు. అంటే 70, 80 వరహాల గుర్రానికి నాయకుడు 200 ఇచ్చుకోవాలి, అదీ సెప్టెంబరు దాటకుండా. ఆ డబ్బుతోనే రాయలు పోర్చుగీసువాళ్ల దగ్గర అరబ్బీ గుర్రాలు కొనేవాడు. ఖజానాలోంచి ఒక్క వరహా కదిలేది కాదు. రాయలు ఇచ్చిన గుర్రాల మీద ముద్ర ఉండేది. గుర్రం చస్తే ముద్ర ఉన్న చర్మపు ముక్క కోసి తెచ్చి అశ్వశాల అధికారికి చూపాలి. అప్పుడే మరో గుర్రం ఇచ్చేవారు. అమ్ముకుని చచ్చిందని చెప్పే వీలు లేకుండా చేసిన ఏర్పాటు ఇది.

ప్రశ్న: కోటలను బ్రాహ్మణులకు అప్పగించింది మత భక్తితోనా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: భక్తి ఉంటే ఉండొచ్చు గానీ, కారణం రాజకీయమేనని నా నిశ్చితాభిప్రాయం. కోటలను నమ్మకస్తులైన బ్రాహ్మణులకే ఇవ్వమని కృష్ణదేవరాయలు తన ‘ఆముక్తమాల్యద’లోనే చెప్పాడు. తోటి ఉద్యోగులైన ఇతర వర్ణాలవాళ్లు నవ్వుతారనే పట్టుదలతో బ్రాహ్మణుడు కష్టకాలంలోనూ నిలుస్తాడన్నది ఆయన లెక్క. దీనికి ఇంకోటి కలుపుకోవాలి. సీమలో బలగం, బంధువర్గం ఉన్న నాయకుడికే కోట కూడా దొరికితే అతన్ని దించడం కష్టం. పక్కనే ఉన్న కోట వేరొకరి చేతిలో ఉంటే నాయకుడు తలెత్తే ముందు ఆలోచిస్తాడు. మీ ప్రాంతమే సాక్ష్యం. 1515లో ఒడిశా గజపతుల నుంచి కొండవీడు గెలిచాక దాని పాలన మహామంత్రి తిమ్మరుసు మేనల్లుళ్లకు, నాదెండ్ల అప్పకు, తర్వాత గోపకు దక్కింది.

ప్రశ్న: నాయకులు రాజధానిలో గూఢచారులను పెట్టుకునేవారా?
– ఒక పాఠకురాలు, హోసూరు

జవాబు: గూఢచారి అననక్కర్లేదు, అది బాహాటంగానే జరిగేది. ప్రతి నాయకుడి తరఫునా ఒక రాయసకాడు (లేఖకుడు) రాత్రీ పగలూ రాజభవనం దగ్గరే ఉండి, ఏ చిన్న విషయమైనా వెంటనే కబురు రాసేవాడు. రాయలకూ ఇది అనుకూలమే. నాయకుడికి చెప్పాల్సింది అతని ద్వారానే చేరేది.

ప్రశ్న: ఇంత కట్టుదిట్టంగా ఉంటే సాళువ నరసింహుడు, నరసనాయకుడు, అళియ రామరాయలు అధికారం ఎలా లాక్కున్నారు?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: ఈ పట్టంతా రాయలు బలవంతుడైతేనే పనిచేస్తుంది. సెప్టెంబరులో లెక్క అడిగేవాడు మెతకవాడైనా, పసివాడైనా, అందరికంటే పెద్ద సైన్యమున్న నాయకుడే రాజు అవుతాడు. చంద్రగిరి నుంచి పెరిగిన సాళువ నరసింహుడు 1485లో గద్దెనెక్కాడు. ఆయన పోయాక 1491 నుంచి పిల్లలైన రాకుమారుల పేర నరసనాయకుడు ఏలాడు. నరసనాయకుడి కొడుకు 1505లో తానే రాజయ్యాడు.

కృష్ణదేవరాయలు కూడా దీన్ని తప్పించలేకపోయాడు. ఎవరినైనా ఒక్కసారిగా పైకెత్తి ఆనక తగ్గిస్తే, వాడు తన పాత స్థితి మరిచి పగబడతాడనీ, గుణం చూసి క్రమంగా పెంచాలనీ ఆయనే రాశాడు. కానీ 1524 ప్రాంతంలో యువరాజుగా పట్టం కట్టించిన పసి కొడుకు చనిపోయాడు. ఆ నేరం తిమ్మరుసు కుటుంబం మీద మోపి, తన్ను రాజును చేసిన మంత్రి కళ్లే తీయించాడని నూనిజ్ రాశాడు. వారసుడు పోయాడు, గద్దెకు కాపుగా నిలిచే మంత్రీ పోయాడు. ఆ ఖాళీలోనే అల్లుడు రామరాయలు ఎదిగాడు.

1542 తర్వాత సదాశివరాయలను గద్దెపై ఉంచి అధికారమంతా రామరాయలు నడిపాడు. సేనలు తమ్ముళ్లు తిరుమలుడు, వేంకటాద్రి చేతుల్లో ఉండేవి. శాసనాలు సదాశివుడి పేరనే పడేవి, అసలు రాజు మాత్రం ఏడాదికొక్కసారి ప్రజలకు కనిపించేవాడని 1567లో వచ్చిన వెనిస్ వర్తకుడు ఫెడెరీచి రాశాడు. 1565 జనవరిలో దక్కను సుల్తానులతో జరిగిన తళ్ళికోట యుద్ధంలో రామరాయలు చనిపోగానే తిరుమలుడు ఖజానాతో, సదాశివుడితో పెనుకొండకు తరలిపోయాడు. రాజధానే పోయాక నాయకులను లెక్క అడిగే చోటే లేకుండా పోయింది. దక్షిణాన మదురై, తంజావూరు, జింజి నాయకులు ఇష్టమైనప్పుడు కప్పం పంపారు, లేనప్పుడు మానేశారు. 1623 నుంచి 1659 దాకా ఏలిన మదురై తిరుమల నాయకుడు దాన్ని పూర్తిగా ఆపేశాడు.