గ్లాక్ 19 పిస్టల్‌లో చెయ్యి దూరని మూలలను శుభ్రం చేయడం

కొత్తగా కొన్న గ్లాక్ 19 బ్యారెల్ శుభ్రపడినా స్లైడ్ (ముందుకూ వెనక్కూ జారే పైభాగం) లోపలి సందుల్లోనూ ఫ్రేమ్ (చేత్తో పట్టుకునే అడుగు భాగం) వెనుక మూలల్లోనూ నలుపు పోవడం లేదని, సన్నని గొట్టం తగిలించిన సాల్వెంట్ (మసిని కరిగించే ద్రవం) స్ప్రేను ఆ సందుల్లోకి కొట్టవచ్చా అని అడిగారు. కొట్టవద్దనే నా సమాధానం. టెక్సస్‌లో ఉంటూ కొన్నేళ్లుగా ఇదే పిస్టల్‌ను వాడుతున్నాను కాబట్టి, కారణం కూడా చెప్పగలను. స్ప్రే మసిని కరిగిస్తుంది కానీ బయటికి తీసుకురాదు. కరిగిన మసి అంతకన్నా ఇరుకైన చోటికి జారుతుంది, సాల్వెంట్ ఆవిరైపోయాక అక్కడే ముద్దగా మిగిలిపోతుంది. అందువల్ల అందని మూలలకు కావలసినది పొడి పనిముట్లే: నైలాన్ బ్రష్, చెక్క టూత్‌పిక్, పైప్ క్లీనర్, దూది రాలని ఫోమ్ బడ్స్.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి. గ్లాక్‌లో స్లైడ్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కి తీరాలి. ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనుక తూటా కూర్చునే గదిలో, తూటా ఉండిపోతే అది అక్కడే పేలుతుంది. ముందు మ్యాగజైన్ తీసి, ఆ తరువాతే స్లైడ్‌ను వెనక్కి లాగాలి. ఈ వరుస తారుమారైతే ఛాంబర్‌లోని తూటా బయటపడినా, మ్యాగజైన్‌లోని తరువాతి తూటా దాని స్థానంలోకి వచ్చేస్తుంది. స్లైడ్‌ను వెనక్కి నిలిపి, ఛాంబర్‌ను కంటితో చూడడమే కాక చిటికెన వేలితో తడిమి కూడా నిర్ధారించుకోండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు బ్యారెల్ కొన తూటాను ఆపగలిగే దిక్కుకే ఉండాలి.

స్లైడ్‌లో మొదటి కష్టమైన చోటు ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింది సందు. కాల్చిన తూటా అడుగును పట్టి బయటికి లాగేది ఈ కొక్కెమే. దాని కింద మసితో పాటు ఇత్తడి రజను కూడా చేరి గట్టిగా పేరుకుంటుంది, అది ఎక్కువైతే కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలు సరిగా బయటపడవు. టూత్‌పిక్ కొనను చాకుతో పలుచగా చెక్కి, కొక్కెం కింద పక్కకు లాగుతూ గీకితే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. ఉక్కు పుల్లలు ఇంకా త్వరగా పని చేస్తాయి కానీ గీతలు పెడతాయి కాబట్టి నేను వాటిని వాడను. తూటా అడుగు ఆనే చదునైన ముఖాన్ని బ్రష్‌తో రుద్దేటప్పుడు స్లైడ్ ముందు కొనను నేలవైపు ఉంచి పట్టుకోవాలి. అలా పట్టుకుంటే బ్రష్‌కు సాల్వెంట్ తడి ఏమైనా ఉంటే అది ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే కడ్డీ) రంధ్రంలోకి పోకుండా కిందికి జారిపోతుంది.

ఆ రంధ్రం వెనుక ఉన్నదే అసలు జాగ్రత్త పడవలసిన చోటు. ఫైరింగ్ పిన్ కదిలే ఆ గొట్టంలో లోపల ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దానికి నూనె అక్కర్లేదు, పొడిగా ఉండడమే మేలు. ఇక్కడ నూనె చేరితే మసిని పట్టుకుని, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీది జిడ్డులా చిక్కబడుతుంది. అప్పుడు పిన్ వేగం తగ్గి, ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకు అంటుకునే చిన్న బిళ్ల) మీద బలహీనమైన గుంట పడుతుంది కానీ తూటా పేలదు. షూటింగ్ రేంజ్‌లో నాతో వచ్చే మిత్రుడొకరి పిస్టల్ ఇలాగే మొరాయించింది. ఆయన తూటాలనే అనుమానించి రకం మార్చి చూశారు, అయినా అదే తంతు. చివరికి ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) విప్పి చూస్తే ఆ గొట్టం నిండా నల్లటి ముద్ద ఉంది. నలుపు కనిపించిందని మీరే విప్పాలనుకోవద్దు. మామూలు విప్పడానికి మించినది శిక్షణ పొందిన ఆర్మరర్ పని అని తయారీదారుల మాన్యువల్ కూడా చెబుతుంది. లోపలి స్ప్రింగ్ బలంగా బిగిసి ఉంటుంది, విప్పేటప్పుడు భాగాలు ఎగిరి కంటికి తగిలే ప్రమాదం ఉంది. గొట్టం ఎలా ఉందో విప్పకుండానే తెలుసుకునే ఉపాయం ఒకటుంది. విడదీసిన స్లైడ్ అడుగున గుండ్రటి మీటలా కనిపించే ఫైరింగ్ పిన్ సేఫ్టీని వేలితో నొక్కి, స్లైడ్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. పిన్ కదిలే చప్పుడు స్పష్టంగా వినబడితే సరే. వినబడకపోతే ఆర్మరర్‌కు ఇవ్వండి.

స్లైడ్ పక్కల గాళ్లకు పెద్దగా శ్రమ అక్కర్లేదు, టూత్‌పిక్‌కు పాత బనియన్ గుడ్డ చుట్టి లాగితే చాలు.

ఫ్రేమ్‌ను తలకిందులుగా పట్టుకుని పొడి నైలాన్ బ్రష్‌తో దులిపితే రాలగలిగిన మసి అంతా రాలిపోతుంది. ట్రిగ్గర్ యంత్రాంగం చుట్టూ మామూలు ఇయర్ బడ్స్ వాడవద్దు. వాటి దూది పోగులు స్ప్రింగులకు చుట్టుకుంటే తీయడం మసి తీయడం కన్నా కష్టం. కుడివైపు వెనుక మూలలో ట్రిగ్గర్ బార్ (ట్రిగ్గర్ కదలికను వెనక్కి చేర్చే కడ్డీ) వచ్చి కనెక్టర్ అనే చిన్న లోహపు పలకకు తగిలే చోటును బడ్‌తో తుడిచి, ఒకే ఒక్క నూనె చుక్క వేయండి. పిస్టల్ మొత్తంలో నూనె తప్పనిసరైన చోటు ఇదే అని నా అభిప్రాయం. ఇది ఎండిపోతే ట్రిగ్గర్ బరువెక్కి, ఆ రెండు భాగాలూ అరిగిపోతాయి. స్లైడ్ గాళ్లకూ బ్యారెల్ పైభాగానికీ తలా ఒక చుక్క సరిపోతుంది. పాలిమర్ ఫ్రేమ్ మధ్యలో మొండిగా మిగిలిన నలుపు మరక మాత్రమే అయితే దాన్ని వదిలేయండి, అది పనికి అడ్డు రాదు. మ్యాగజైన్ లోపల నూనె వేయవద్దు, పొడి గుడ్డతో తుడవండి.

ఇక ఆ మసి గురించి ఒక మాట. సాధారణ తూటాల ప్రైమర్‌లో సీసపు సమ్మేళనం ఉంటుంది కాబట్టి, మీరు గీకి తీసిన పొడిలోనూ సీసం ఉంటుంది. నోటితో ఊదవద్దు, గాలి డబ్బాతో చిమ్మవద్దు, భోజనాల బల్ల మీద ఈ పని పెట్టుకోవద్దు. చేతికి నైట్రైల్ తొడుగులు వేసుకుని, పాత వార్తాపత్రిక పరచి పని చేసి, దాన్ని అలాగే మడిచి పారేయండి. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంట్లో పసిపిల్లలుంటే ఈ పనిలో వేసుకున్న బట్టలను విడిగా ఉతకడం మంచిది.

తిరిగి బిగించాక, మ్యాగజైన్ పెట్టకుండానే స్లైడ్‌ను లాగి వదిలి, సురక్షితమైన దిక్కుకు పట్టుకుని ట్రిగ్గర్ నొక్కండి. నొక్కి పట్టుకునే ఉండి స్లైడ్‌ను మళ్లీ లాగి వదలి, ట్రిగ్గర్‌ను నెమ్మదిగా ముందుకు రానిస్తే ‘టిక్’ మని చప్పుడు రావాలి. అది రాకపోతే మరోసారి విప్పి, ఆ వెనుక మూలలో పోగులు గానీ గుడ్డ పేలిక గానీ చిక్కిందేమో చూడండి.