చేతులు మారే చారిత్రక నవల: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రష్యా చివరి చక్రవర్తి కుటుంబం ఇతివృత్తంగా సాగే ఒక చారిత్రక నవలను ఈమధ్య పాత పుస్తకాల్లో చూసి కొన్నాను. 1970ల నాటి ముద్రణ. అందులో చిన్న రాకుమారి అనస్తేసియా మరణం నుంచి తప్పించుకొని, వేరే పేరుతో బతుకుతుంది. ఆ ఘట్టం పక్కన నాకంటే ముందు చదివినవారెవరో పెన్సిలుతో "ఇది నిజమేనా?" అని రాసి ఉంచారు. పుస్తకాన్ని దాచుకోవాలని లేదు. నలుగురూ కూర్చునే చోట వదిలిపెడితే ఎవరో ఒకరు చదువుకుంటారని నా ఆశ. ఆ రాతను చెరిపివేయాలా? జరగని చరిత్రను ముక్కూ మొహం తెలియనివారి చేతిలో పెట్టడం తప్పు కాదా?

జవాబు: దయచేసి చెరపకండి. ఆ పుస్తకంలో అచ్చు కాని వాక్యాలన్నింటిలోకీ విలువైనది బహుశా అదే. దానిని రాసిన వ్యక్తి వద్ద ఆనాడు జవాబు లేదు. మీకు ఇప్పుడు ఉంది.

చక్రవర్తి రెండవ నికోలాస్‌ను, ఆయన భార్యను, అయిదుగురు పిల్లలను, వారితో ఉన్న నలుగురు పరిజనులను 1918 జూలై 16, 17 తేదీల మధ్య రాత్రి యెకాటెరిన్‌బర్గ్‌లోని ఒక ఇంటి నేలమాళిగలో కాల్చి చంపారు. మృతదేహాలను రహస్యంగా పూడ్చివేయడంతో పుకార్లకు చోటు దొరికింది. 1920లో బెర్లిన్‌లో ఒక కాలువ నుంచి బయటికి తీసిన యువతి తరువాత తానే అనస్తేసియానని చెప్పుకొని, 1984లో మరణించేవరకూ ఆ మాట మీదనే నిలిచింది. 1991లో సమాధిని అధికారికంగా తవ్వినప్పుడు పదకొండు మందికి బదులు తొమ్మిది మంది అవశేషాలే లభించడంతో అనుమానం మరింత బలపడింది. 1994లో డీఎన్‌ఏ పరీక్ష ఆ మహిళకు రాజవంశంతో సంబంధం లేదని తేల్చింది. 2007లో ఆ సమాధికి కొద్ది దూరంలో మిగిలిన ఇద్దరు పిల్లల ఎముకలు దొరికాయి. ఆ ఇద్దరిలో ఆడపిల్ల అనస్తేసియాయా, ఆమె అక్క మరియాయా అన్న చర్చ సాగింది గానీ, నలుగురు అక్కచెల్లెళ్లలో ఎవరూ బతికి బయటపడలేదన్నది తేలిపోయింది.

అందువల్ల మీ రచయిత అబద్ధం రాశారని అనలేము. తన కాలానికి చరిత్ర వదిలిపెట్టిన ఖాళీలో కథను నిలిపారు, అంతే. చారిత్రక నవలలో కథ జరిగిన కాలం ఒకటి, రాసిన కాలం ఒకటి ఎప్పుడూ ఉంటాయి. స్కాట్లాండ్ నవలాకారుడు వాల్టర్ స్కాట్ తన దేశంలో 1745లో జరిగిన తిరుగుబాటు మీద రాసి, 1814లో పేరు పెట్టుకోకుండా ప్రచురించిన మొదటి నవలకు 'ఇది అరవై ఏళ్ల నాటి మాట' అనే అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టి ఆ దూరాన్ని తానే ప్రకటించారు. కొత్త పుస్తకం కొనేవారికి ఈ రెండవ కాలం అంతగా పట్టదు. పాత పుస్తకం చదివేవారు మాత్రం దానిని ముందుగా చూడాలి. పునర్ముద్రణ సంవత్సరం చూసి మోసపోకుండా, తొలి ముద్రణ ఏ సంవత్సరమో వెతికి, ఆ తరువాత కొత్తగా ఏమి బయటపడిందో కనుక్కుంటే సగం పని అయినట్లే. సంభాషణలు, ఏకాంతంలో పాత్రల ఆలోచనలు ఎలాగూ కల్పితాలే; వాటిని నిజమా అని నిలదీయడంలో అర్థం లేదు. తేదీలు, స్థలాలు, ఎవరు బతికారు, ఎవరు చనిపోయారు అన్నవి మాత్రం సరిచూడదగినవి.

సరిచూసినదానిని ఒక చీటీ మీద నాలుగు వాక్యాలలో రాసి పుస్తకంలో ఉంచండి. అయితే దానిని మొదటి పుటలో కాక చివరి పుట వద్ద ఉంచండి. అనస్తేసియా బతుకుతుందేమోనన్న ఆశతో కథ చదివే హక్కు మీకు దక్కినట్లే తరువాతివారికీ దక్కాలి. పుట అంచున ఉన్న ప్రశ్న కింద పెన్సిలుతో "చివరి పుట చూడండి" అని చేర్చితే చాలు. జిగురు టేపు కాలక్రమేణా పసుపు మరకను మిగులుస్తుంది, గుండుసూది తుప్పు పడుతుంది. కనుక చీటీని ఊరికే పుటల మధ్య ఉంచండి.

ప్రశ్న: పాత పుస్తకాన్ని ఇతరులకు ఇస్తే దానితో పాటు పురుగులను కూడా ఇచ్చినట్లవుతుందేమోనని సంకోచం.

జవాబు: సంకోచం సహేతుకమే. పుటలు పసుపు రంగుకు తిరగడం జబ్బు కాదు. కలప గుజ్జుతో చేసిన కాగితంలోని లిగ్నిన్ అనే సహజ పదార్థం గాలికీ వెలుతురుకూ అలా మారుతుంది. బూజు వాసన, చేతికి అంటే మచ్చలు ఉంటే మాత్రం ఆ పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వవద్దు. పురుగుల అనుమానం ఉంటే గాలి చొరని సంచిలో మూసి, ఫ్రీజర్‌లో సుమారు మైనస్ 18 డిగ్రీల వద్ద రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక గది వేడికి వచ్చేవరకూ సంచి విప్పకుండా ఆగండి. లేకపోతే కాగితానికి చెమ్మ పడుతుంది. బూజును చలి చంపదు. ఎండలో ఆరబెట్టే అలవాటు ఉన్నవారు అది కాగితాన్ని పెళుసుగా చేస్తుందని గమనించాలి.

ప్రశ్న: వదిలిన పుస్తకం ఎవరికి చేరిందో తెలుసుకునే మార్గముందా? రచయితకు ఇందువల్ల అన్యాయం జరగదా?

జవాబు: మార్గముంది. 2001లో రాన్ హార్న్‌బేకర్ ప్రారంభించిన బుక్‌క్రాసింగ్ అనే వెబ్‌సైటులో ప్రతి పుస్తకానికి ఒక సంఖ్య ఇస్తారు. దొరికినవారు ఆ సంఖ్యను నమోదు చేస్తే పుస్తకం జాడ తెలుస్తుంది. నమోదు చేయాలన్నది వారి ఇష్టం కనుక కబురు రాకపోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి. "పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః" అన్న శ్లోకం అరువిచ్చి నష్టపోయినవారి గోడు (స్త్రీని ఆ వరుసలో చేర్చడం వేరే సంగతి). ఇచ్చివేయడానికే బయలుదేరినవారికి అది వర్తించదు. అట్ట మీద "ఇది ఎవరో మరచిపోయినది కాదు, మీరు తీసుకోవచ్చు" అని స్పష్టంగా రాయండి. మీ ఫోన్ నంబరు రాయవద్దు. పాత యజమాని చిరునామా గానీ, పుటల మధ్య ఉత్తరం గానీ ఉంటే తీసివేయండి.

ఇక రచయిత హక్కు. ఒక నవలను డాలరు కంటే తక్కువకు అమ్మరాదని పుస్తకంలోనే అచ్చువేసిన ప్రచురణకర్తల వాదనను అమెరికా సుప్రీం కోర్టు 1908లో తోసిపుచ్చింది: ఒకసారి అమ్మిన ప్రతిని కొన్నవారు తిరిగి ఏ ధరకు అమ్మాలో శాసించే అధికారం ప్రచురణకర్తకు ఉండదన్నది. నకలు తీసి పంచడం వేరు, ఉన్న ఒక్క ప్రతిని ఇచ్చివేయడం వేరు. ఈ-బుక్ విషయం మాత్రం ఇలా కాదు. అక్కడ మీరు కొనేది సాధారణంగా చదువుకునే అనుమతిని మాత్రమే కనుక, దానిని బల్ల మీద వదిలి రావడం కుదరదు.