గ్రోత్ హార్మోన్‌తో వచ్చే కండ బలమేనా?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. 400 మీటర్ల పరుగు పోటీల్లో పాల్గొంటాను. ఏడాదిగా టైమింగ్ మెరుగుపడట్లేదు. గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు వాడితే కండ పెరుగుతుందని, టెస్టుల్లో దొరకదని నాతో ప్రాక్టీస్ చేసే సీనియర్ అంటున్నాడు. అందరూ వాడుతున్నప్పుడు నేను వాడితే తప్పా? ప్రమాదమా?

జవాబు: మొదలుపెట్టకముందే అడిగారు, మంచి పని చేశారు. ఈ హార్మోన్ మన పిట్యూటరీ గ్రంథిలో సహజంగానే తయారవుతుంది. అది తక్కువై ఎదుగుదల ఆగిన పిల్లలకు ఈ ఇంజెక్షన్ ఎంతో మేలు చేస్తుంది. మీలాంటి ఆరోగ్యవంతుల సంగతి వేరు. వాళ్లు తీసుకుంటే కొవ్వు తగ్గి కండ పెరిగినట్టే ఉంటుంది. కానీ పెరిగిన బరువులో చాలావరకు ఒంట్లో చేరిన నీరే. పరిశోధనల్లో బలం పెరిగిన దాఖలా దొరకలేదు. స్ప్రింట్‌లో కాస్త మెరుగు కనిపించిన అధ్యయనం ఒకటుంది, అయితే ఇంజెక్షన్లు ఆపిన కొద్ది వారాలకే ఆ మెరుగు పోయింది.

నష్టాలు మాత్రం అన్నీ అలా పోవు. మొదట కాళ్లూ చేతులూ వాస్తాయి, కీళ్లు నొప్పి పుడతాయి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయక షుగర్ రావచ్చు. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే గుండె కండరం మందమవుతుంది, దవడ, చేతులు, పాదాల ఎముకలు పెరుగుతాయి. అలా పెరిగిన ఎముక మందు మానేసినా వెనక్కి తగ్గదు. నాకు ఎక్కువ భయం దీని గురించే. పైగా దొంగచాటుగా దొరికే సీసాలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. సూది పంచుకుంటే హెపటైటిస్, హెచ్‌ఐవీ ముప్పు కూడా.

దొరకదన్నది పాత మాట. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ నుంచే దీనికి రక్తపరీక్ష ఉంది. ఆ తర్వాత ఇంకో పద్ధతి కూడా వచ్చింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ నిషేధిత జాబితాలో ఇది పోటీలప్పుడే కాదు, ఏడాది పొడవునా ఉంటుంది. పట్టుబడితే నాలుగేళ్ల దాకా నిషేధం పడవచ్చు. మీ వయసులో ఆ నాలుగేళ్లంటే కెరీర్‌లో మంచి కాలమంతా.

ఇక తప్పా అన్నారు. అందరూ వాడట్లేదు. పక్క లేన్‌లో ఏమీ తీసుకోకుండా పరిగెత్తే కుర్రాడు మీరూ అలాగే వచ్చారని నమ్ముతాడు. మీరు వాడితే అతన్ని మోసం చేసినట్టే. ఓడిపోయి, అతనూ సూది పట్టాల్సిన పరిస్థితి మీరే తెచ్చినట్టవుతుంది.

టైమింగ్ ఆగడానికి నిద్ర చాలకపోవడం, రక్తహీనత, విటమిన్ డి లోపం, విశ్రాంతి లేని ట్రైనింగ్ తరచూ కారణాలు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌ను కలవండి. ఇప్పటికే ఒకటి రెండు డోసులు తీసుకుని ఉంటే దాచకుండా చెప్పండి, షుగర్, గుండె పరీక్షలు కూడా చేస్తారు.